ఆటస్థలపు గోడలు

పాతగుడిని విప్పి క్రొత్తగుడి కట్టించునపుడు అందలి శాసనపుఱాతిని పదిలముగా తీసి ప్రాకారమున నిలుపవలెనని పెద్దలు చెప్పుదురు. చెప్పినంతగా చేయుట లేదనుట వేఱుమాట. శాసనపుఱాళ్లు చాకిరేవున బండలై, ఇంటిముంగిట మెట్లై పడియున్న యూళ్లు మనకు క్రొత్తవి కావు. అయినను గుడివిషయమున అట్టి నియమమొకటి కలదని యెఱుగనివారు లేరు. ఆటస్థలముల విషయమున ఆ యెఱుకయే లేదు. నలువదియేబది యేండ్లు పిల్లలు ఆడి గెలిచి యోడిన మైదానమును త్రవ్వి మరల కట్టునపుడు, అచ్చటి జ్ఞాపకములలో దేనిని నిలుపవలెనని యడుగువాడు గాని, చెప్పువాడు గాని కానరాడు.

మైదానమును పునర్నిర్మించుట యన్న మన పురపాలకులకు తోచునవి సిమెంటుమెట్లు, దీపస్తంభములు, రంగుకుర్చీలు, రబ్బరుతో పఱచిన పరుగుబాట. ఇవి యన్నియు కావలసినవే. వానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని యివి యే యూర కట్టినను ఒక్కతీరుననే యుండును. ఏలూరి కుర్చీకిని లండను కుర్చీకిని భేదము లేదు. ఇది ఫలానా యూరి మైదానమని, ఇచ్చట ఫలానావారు ఆడిరని చెప్పవలసినవి ద్వారముపై నక్షరము, గోడపై బొమ్మ, దారి చూపు గుఱుతు, మెట్లవరుసకు పెట్టిన పేరు, వేసిన రంగు. ఈ పనినంతటిని కలిపి నేడు గ్రాఫిక్ డిజైను అనుచున్నారు. మన వీధులలో దీనికి బోర్డుపని యని పేరు. పేరు చిన్నదైనను పని చిన్నది కాదు. పాతకట్టడము పోయినపిమ్మట దాని జ్ఞాపకమునకు మిగులు చోటు ఆ గోడ యొక్కటియే.

మా చింతలపూడి మెట్టప్రాంతపుటూరు. మాకు దూరము కాని కామవరపుకోట మండలములో గుంటుపల్లి బౌద్ధగుహలు కలవు. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమునాటివని చెప్పబడు ఆ గుహలలో వర్తులాకారపు చైత్యమొకటి యున్నది. దాని లోకప్పును తలయెత్తి చూచినవారికి వింత తోచును: కొండను తొలిచిన శిల్పి ఱాతిలో వాసములను చెక్కినాడు! ఱాతిగుహకు వాసములతో పని లేదు. వానిని చెక్కకున్నను కప్పు కూలదు. అంతకుముందు కఱ్ఱతోను గడ్డితోను కట్టిన గుండ్రని పాకలను చూచిన కన్నులు ఱాతిలో సైతము ఆ పాకను విడువలేకపోయినవి. క్రొత్త వస్తువున పాతదాని రూపును నిలుపుట మా ప్రాంతమునకు రెండువేలయేండ్లకు పైబడిన విద్య. ఆ విద్యను ఆటస్థలమునకేల వర్తింపజేయరాదు?

ఇతరదేశములవారు ఈ పనిని ఎట్లు చేసిరో రెండుమూడు చోట్లు చూతము. 1968లో మెక్సికోనగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు లాన్స్ వైమన్ అను అమెరికా డిజైనరు, ఆ దేశపు హుయిచోల్ ఆదివాసుల చేతిపనిని తలపించునట్లు, ఒకదాని వెంట నొకటి చుట్టుకొనిపోవు గీతలను 68 అను అంకెనుండియే పుట్టించి, వానినే చిహ్నముగాను అక్షరములుగాను మలచెను. చూడముచ్చటైన పని. కాని క్రీడలారంభమగుటకు పదిదినములముందు, అక్టోబరు 2వ తేదీన, ఆ నగరమున త్లతెలోల్కోలో విద్యార్థులపై సైన్యము కాల్పులు జరిపెను. ఆ సొంపైన గీతలు దానిని గూర్చి పలుకలేదు, పలికినది విద్యార్థులే. ఆ చిహ్నములనే తిరుగవ్రాసి తమ గోడపత్రికలలో వాడుకొనిరి. వారసత్వమును మేలిముసుగుగా వాడువారికిని, ముసుగు తీయువారికిని అక్షరము ఒక్కటే యని యిందువలన తెలియుచున్నది.

నాలుగేండ్లకు, 1972లో, మ్యూనిక్ నగరపు వంతు వచ్చెను. జర్మనీలో అంతకుముందు జరిగిన ఒలింపిక్ క్రీడలు 1936లో హిట్లరు ఏలుబడిలోనివి. డిజైను బాధ్యత వహించిన ఓట్ల్ ఐఖర్ చిన్నవయసుననే ఆ పాలనకు ఎదురు నిలిచినవాడు. ఆయన భార్య ఇంగె షోల్, 1943లో ఆ ప్రభుత్వముచే శిరశ్ఛేదము పొందిన హాన్స్, సోఫీ షోల్ అనువారి యక్క. ఆయన తన రంగులపట్టికనుండి ఎఱుపును బుద్ధిపూర్వకముగా తొలగించి, లేతనీలము, పచ్చన మొదలగు తేటరంగులను కూర్చెను. ఆటలను సూచించుటకు ఆయన గీయించిన చిన్నమనుష్యుల బొమ్మలు భాష యెఱుగనివానికి సైతము దారి చూపెను. వారసత్వమనగా ఉంచుకొనవలసినది మాత్రమే కాదు, విడువవలసినదియు నందు కలదని ఆ రంగులపట్టిక చెప్పుచున్నది. మాకు మెక్సికో గీతలకన్న ఈ మ్యూనిక్ రంగులే ఎక్కువ నచ్చినవి.

లండనులో ఆర్సెనల్ ఫుట్‌బాల్ సంఘమువారు 2006లో హైబరీ అను పాతమైదానమును వీడి దాపుననే కట్టిన క్రొత్తదానికి పోయిరి. క్రొత్తది గొప్పదే, కాని తమ యిల్లువలె లేదని అభిమానులు నొచ్చుకొనిరి. 2009 మొదలు ఆ సంఘము క్రొత్తకట్టడపు వెలిగోడలపై పాతతరముల ఆటగాండ్ర బొమ్మలను మిక్కిలి పెద్దవిగా నిలిపెను. 2023 వఱకు ఆ యాటగాండ్రు ఒకరి భుజములపై నొకరు చేతులు వైచి మైదానమును చుట్టి కౌగిలించుకొన్నట్లుండిరి. వారి మోములు లోపలికి, వీపులు మనవైపునకు! చూచువానికి కనబడినది ఆటగాని చొక్కాయే గాని చిఱునవ్వు కాదు. మన మైదానముల గోడలపై వ్రేలాడు ముఖములను తలచుకొన్నచో ఈ వీపుల విలువ తెలియగలదు. ఆ ముఖముల సంగతి ముందు చెప్పుదుము.

మన తెలుగునాట ఇట్టి జ్ఞాపకములకు కొదువ లేదు. హైదరాబాదు నడిబొడ్డున నేడు లాల్ బహాదూర్ స్టేడియమని పిలువబడు స్థలమునకు 1967కు పూర్వము ఫతే మైదానమని పేరు. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యము అచ్చట విడిసెననియు, కోట పడినపిమ్మట గెలుపునకు గుఱుతుగా ఆ పేరు కలిగెననియు చెప్పుదురు. ఫతే యనగా గెలుపు. ఎవరి గెలుపు? ఓడిన రాజ్యపు రాజధానిలో గెలిచినవాని మాట యన్నియేండ్లు నిలిచినది. ఇప్పటి పేరు 1966 జనవరిలో తాష్కెంటున కన్నుమూసిన ప్రధానిది. ఆ మహనీయునిపై మాకు గౌరవము మెండు, కాని ఆయన కీర్తి ఆటలవలన కలిగినది కాదు. ఆడినవారి ఊసు రెండుపేర్లలోను లేదు. ఆ నేలపైననే 1955 నవంబరులో న్యూజిలాండుతో టెస్టుపందెము జరుగగా పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు తీసెను. ఆ నగరపు పోలీసుజట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్సుకప్పును గెలుచుకొనెను. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో భారతజట్టు 1951, 1962 ఆసియాక్రీడలలో స్వర్ణమును, 1956 మెల్బోర్న్ ఒలింపిక్కున నాలుగవ స్థానమును పొందెను. ఇంతటివానిని దేశమునకు జ్ఞాపకము చేయుటకు 2024లో హిందీ సినిమా యొకటి రావలసివచ్చెను.

ఇట్టిచోట ఏ పేరునైనను చెఱిపివేయవలెనని మేము కోరుట లేదు. ఫతే మైదానమన్న మాటను, దాని వెనుకటి ముట్టడిని, గుఱ్ఱములపై పోలో ఆడిన నవాబులకాలమును, ఉమ్రీగర్ పరుగులను, రహీము శిష్యులను వరుసగా ఒక పొడుగాటి గోడపై, తెలుగున, ఉర్దూలో, ఇంగ్లీషున, వచ్చిపోవువారు నిలిచి చదువునట్లు వ్రాయించినచో, టిక్కెట్టు కొని లోపలికి పోవు బాలునికి తాను ఎచ్చట అడుగిడుచున్నాడో తెలియును. దీనికి స్టేడియపు ఖర్చులో నూఱవపాలు సైతము పట్టదు.

విశాఖపట్టణమున కొంత మేలు జరిగినది. అచ్చటి క్రికెట్ మైదానమున 2025 అక్టోబరులో, స్త్రీల ప్రపంచకప్పు పందెములు జరుగుచుండగా, మిథాలీ రాజ్, రావి కల్పన అను నిరువురి పేర్లను మైదానపు భాగములకు పెట్టిరి. క్రీడాకారిణి స్మృతి మంధాన అంతకుముందు అడిగియుండుట దానికి కారణము. ఇందులో మాకు ఆనందము కలిగించినది రెండవ పేరు. మిథాలీ పేరు లోకమంతటికి తెలిసినదే. రావి కల్పనయో కృష్ణాజిల్లా పిల్ల, ఆటో నడుపువాని కుమార్తె, వికెట్టు వెనుక నిలిచి భారతజట్టున ఆడినది. బెజవాడవైపునుండి వచ్చు బాలిక ఆ పేరును గోడపై చూచి చదివినపుడు, లార్డ్స్ మైదానమున 1932లో భారతజట్టును నడపిన సి. కె. నాయుడుగారి బొమ్మ చూచినపుడు కలుగు గౌరవమునకన్న వేఱైన భావ మొకటి కలుగును. ఆ పిల్ల తన యింటిపేరును ఆ చోట ఊహించుకొనగలదు. పేరు పెట్టుట యన్న ఇది.

ఇక మా జిల్లామాట. 2022 ఏప్రిలులో ఏలూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడెను. ఏలూరి మైదానమునకు అల్లూరి సీతారామరాజుగారి పేరున్నది. మంచి పేరు. 1922లో మన్యమున లేచి 1924 మే 7వ తేదీన ప్రాణములర్పించిన వీరుని పేరును ఆటస్థలమునకు పెట్టిన పెద్దలకు నమస్కారము. అయినను వీరుని పేరు ఒకటి పైన వ్రాసినంతమాత్రమున క్రింద ఆడినవారి పేర్లు వ్రాయనక్కఱలేదని తలచుట మన దేశపు అలవాటు. ఏ యూర చూచినను ద్వారముపై మహాపురుషుడు, లోపల అనామకులు.

ఈ జిల్లాలోనే యొక మైదానమున (అది యెక్కడిదో చెప్పనక్కఱలేదు) దుస్తులు మార్చుకొను పాతగది గోడపై ఏటేట బడిపిల్లల పోటీలలో గెలిచినవారి పేర్లు వ్రాయించెడివారు. నీలిరంగుపై పసుపు ఎనామిలు అక్షరములు. పరుగు, దూకుడు, ఇనుపగుండు, కబడ్డీ; ఎదుట ఊరిపేరు, పిల్లపేరు. చింతలపూడి పేరు పెక్కుమారులు కనబడెడిది. మేమాగోడను చూచుటకే పనిగట్టుకొని పోయిన దినములు కలవు. వ్రాసినవాడు బజారులో దుకాణములకు బోర్డులు వ్రాయు పెయింటరు. కూలితో పాటు టీ ఇప్పించిన చాలుననువాడు. మైదానమును బాగుచేయునపుడు ఆ గది పడినది. గది శిథిలమైనది, పడగొట్టుటయే న్యాయము. కాని పలుగు వేయుటకు ముందు ఒక్కడు, ఒక్క ఫోటో తీయలేదు. ప్రతివాని జేబులోను ఫోటోలు తీయు ఫోను ఉన్న దినములలో జరిగిన పని యిది!

క్రొత్తగోడపై ఏమి వచ్చినది? ప్రారంభోత్సవమునాటి ఫ్లెక్సీలు. రెండు నిలువుల యెత్తున నాయకుల ముఖములు, వారి క్రింద చిన్నవిగా స్థానికనాయకుల ముఖములు, వారికన్న చిన్నవిగా శుభాకాంక్షలు తెలుపువారి ముఖములు. పరుగెత్తు పిల్లబొమ్మ ఒకటి మూలకు కలదు. అదియు ఏ పరదేశపు పిల్లయో, ఎచ్చటనో దొరికిన ఛాయాచిత్రము. ఆ దినమున జిల్లాపోటీలకు వచ్చిన బాలికయొకతె బట్టలు మార్చుకొను గది యెచ్చటనని మమ్ముల నడిగినది. గది ఆ పిల్ల వెనుకనే యున్నది. తలుపుపై ఇంగ్లీషు పెద్దక్షరములు కలవు. తెలుగు లేదు, బొమ్మయు లేదు. మ్యూనిక్కువారు ఏబదియేండ్లకు పూర్వమే చేసిన చిన్నబొమ్మ మన తలుపునకు ఇంకను రాలేదు. ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధింతుమని రాష్ట్రప్రభుత్వము 2022లో ప్రకటించెను. ప్రకటన పాతబడినది గాని ఫ్లెక్సీలు నేటికిని క్రొత్తక్రొత్తవి లేచుచునే యున్నవి.

తెలుగు వ్రాయరేమని అడిగినచో కాంట్రాక్టరులు చెప్పు సమాధానము: “అండీ, తెలుగు బోర్డుమీద కుదరదు.” ఈ మాటలో కొంత నిజము కలదు కనుక కొంచెము నిలిచి విచారింతము. ఇంగ్లీషు పెద్దక్షరము లన్నియు ఒక్క యెత్తు. పీటలపై కూర్చున్న పెండ్లివారివలె వరుసగా కుదురును. తెలుగక్షరము తలపై గుడియో ఏత్వమో మోయును, క్రింద ఒత్తును మోయును. ‘రాష్ట్ర’ మను మాటను వ్రాసి చూడుడు. షకారము క్రింద టకారము, దానికి తోడు రకారము. ఇంగ్లీషు కొలతకు కోసిన పలకపై ఈ మాటను ఎక్కించునపుడు ఒత్తులు పట్టుటకై అక్షరము నంతటిని కుదింతురు. దూరమునుండి ఇంగ్లీషు కనబడును, తెలుగు కనబడదు. పలకను తెలుగు కొలతకు కోసినచో ఈ చిక్కే లేదు. కొలత తప్పుగా తీసి ఒడలు వంకర యన్న దర్జీమాట వీరిది.

ఇంకొకటి. నేడు ఉక్కుఱేకును అక్షరములుగా కోయించి గోడకు బిగించుట వాడుకయైనది. ప, ష, స, హ మొదలగువానికి తలకట్టు ఒడలి నంటదు. దానిని వేఱుగా కోసి వేఱుగా బిగింపవలెను. రెండు వర్షకాలములు గడచునప్పటికి తలకట్టు ఊడి క్రింద పడును. ఠకారములోని చుక్క రాలినచో మిగులునది రకారము. పాఠశాల ‘పారశాల’ యగును. ధకారపు క్రిందిగీటు రాలినచో ‘ప్రధాన’ ద్వారము ‘ప్రదాన’ ద్వారమగును, అనగా కానుకలిచ్చు ద్వారము! బిల్లుల సంగతి తెలిసినవారు ఇది పొరపాటు కాదని నవ్వుకొనవచ్చును. చేతితో వ్రాయు పెయింటరునకు ఈ చిక్కులన్నియు కొట్టినపిండి. ఎండపడు గోడకు ఏ రంగు నిలుచునో, ఒత్తుకు ఎంత చోటు విడువవలెనో, ఎంత దూరమునకు ఎంత లావు గీత కావలెనో వాని మణికట్టునకు తెలియును. ఫ్లెక్సీయంత్రము వచ్చినపిమ్మట వానికి పని పోయినది, ఆ తెలివియు వానితోనే పోవుచున్నది.

తెలుగక్షరము మాకు పరాయిది కాదు గదా. ఏలూరికి చేరువనున్న పెదవేగియే ఒకప్పటి వేంగి. శాలంకాయనులు, తరువాత తూర్పుచాళుక్యులు ఏలిన ఆ నేలపై చెక్కిన లిపి తెలుగుకన్నడములకు పూర్వరూపము. తాటాకుపై గంటముతో అడ్డగీత గీసిన ఆకు చీలును గనుక మన యక్షరము గుండ్రనైనదని పండితులు చెప్పుదురు. తాళ్ల తోపులనడుమ తిరుగు మావంటివారికి ఆ మాటను నమ్ముట సులభము. మొన్నటివఱకు నరసాపురపు బాపుగారు ఆ గుండ్రదనమును తన చేతివ్రాతలో నూత్నముగా నాడించి, పుస్తకపుటట్టలపై, సినిమాపేర్లలో చూపించిరి. ఆయన 2014లో పోయిరి. ఆయన వ్రాత కంప్యూటరునకెక్కినది. పెద్దన, తిమ్మన, రామభద్రుల పేర్లతో క్రొత్త తెలుగులిపులు ఉచితముగా దొరకుచున్నవి. సాధనము లేదనువాడు వెదకనివాడే.

అయితే వారసత్వమనగానే కొందఱు ఔత్సాహికులు కొల్లేటి గూడబాతును గోడకెక్కింతురు, ఏలూరి తివాచీ అంచును గుమ్మమునకు అంటింతురు. చూచుటకు బాగుండును, మేము వలదనము. కాని గూడబాతు ఏ పోటీలో గెలిచినది? కొల్లేరు 1999లో పక్షిరక్షణకేంద్రమైనది, 2002లో రామ్‌సార్ పట్టికకెక్కినది, 2006లో అక్రమపు చేపలచెఱువుల కట్టలను తెగగొట్టిరి, అయినను సరస్సు కుదియుటను గూర్చి నేటికిని వ్యాజ్యములు నడచుచునే యున్నవి. నీటిలో చోటు చాలని పక్షికి గోడపై చోటిచ్చుట వింతమర్యాద. అంతకన్న, పరుగుబాట చుట్టు ఏ పిల్ల ఏయేట ఎంత కాలమున పరుగెత్తినదో వ్రాసిన, అది చూచి మఱియొక పిల్ల గడియారము చూచుకొనును. పక్షిబొమ్మ అందఱిది, ఈ పేరు ఆ మైదానమునకే చెందినది.

అందుచేత మే మిప్పుడు చేయుచున్న పని చిన్నది. పడిపోయిన గోడపై నుండిన పేర్లను మరల కూర్చుచున్నాము. వ్యాయామోపాధ్యాయులుగా నుండి విశ్రాంతి పొందినవారి యిండ్లకు, బడుల పాతరిజిస్టరులకు, యోగ్యతాపత్రములు అటుకమీద దాచుకొన్న గృహిణుల కడకు పోవుచున్నాము. ఒకామె తన పత్రమును చూపక, “అబ్బే, ఇప్పుడెందుకండీ అవన్నీ” యని లోపలికి పోయినది. పది నిమిషములకు ఆమె మనుమరాలు దానిని తెచ్చి మా చేతికిచ్చెను. బాలుర పేర్లు వేగముగా దొరకుచున్నవి, ఏలనన వారిలో పెక్కురు ఆ యూళ్లలోనే యున్నారు. బాలికలు పెండ్లియై ఇంటిపేరు మార్చుకొని పోయిరి; రిజిస్టరులోని పేరునకు నేటి మనిషిని కలుపుట కష్టమగుచున్నది. ఇంతవఱకు నూటపండ్రెండు పేర్లు చేరినవి. మైదానమువారు గోడ యిత్తుమని నోటిమాటగా ననిరి, వ్రాతమూలముగా ఇంకను ఇయ్యలేదు. పాతపెయింటరు చేయి వణకుచున్నదని, అక్షరముల కొలతలు మాత్రము తాను గీసియిత్తునని, రంగు కొడుకుచే వేయింతునని చెప్పినాడు. ఇనుపగుండులో గెలిచిన బాలికల పేర్లు రెండేండ్లవి దొరకవలసియున్నవి. లింగపాలెము, కామవరపుకోట వైపు బడులలో వచ్చు ఆదివారము చూతుము.